అలగని జంతువుకు మాలిమి ఎక్కడిది

సాయంత్రమయ్యేసరికి ఇందా బజారులో టీ కొట్ల ముందు బల్లల మీద కుర్రాళ్లు వరసగా కూర్చుని ఫోన్లలో తలలు దూర్చేస్తారు. వాళ్లలో తెలుగు పిల్లలెవరో, బెంగాలీ, ఒడియా, హిందీ పిల్లలెవరో విడదీసి చెప్పడం కష్టం. ఖరగ్‌పూర్ ఊరే అలాంటిది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాల మునిమనవలు బల్ల మీద ఒక భాషలో తిట్టుకుని, ఇంటికెళ్లి ఇంకో భాషలో అన్నం అడుగుతారు. ఫోన్లలో నడిచేది చాలావరకు కాల్పుల ఆట. ఫ్రీ ఫైర్ మాక్స్ లాంటి ఆటలో ఆటగాడి వెంట ఒక పెంపుడు జంతువు కూడా పరిగెడుతూ ఉంటుంది. ఫాల్కో అనే డేగ వెంట ఉంటే గాల్లోంచి దిగే వేగం పెరుగుతుంది. మిస్టర్ వాగర్ అనే పెంగ్విన్, మన దగ్గర గ్లూ వాల్ అనే అడ్డుగోడ అయిపోయిన సమయానికి ఒకటి తెచ్చిస్తుంది. ఇక అదే బల్ల కింద ఒక వీధి కుక్క పడుకుని ఉంటుంది. దానివల్ల ఎవరికీ ఏ వేగమూ పెరగదు. కానీ ఆ నలుగురు కుర్రాళ్లలో ఎవరు లేస్తే తాను లేవాలో, ఎవరు పిలిస్తే చెవి మాత్రం కదిపి ఊరుకోవాలో దానికి తెలుసు. ఫోన్లో డేగకు సామర్థ్యం ఉంది, అభిప్రాయం లేదు. బల్ల కింద కుక్కకు సామర్థ్యం అంతంతమాత్రమే, అభిప్రాయాలు మాత్రం బోలెడు. ఆన్‌లైన్ ఆటల్లో తోడు జంతువులకు స్వభావం దిద్దేవాళ్లు ఈ రెండో సంగతి దగ్గరే తడబడుతున్నారని నా వాదన. కాదనే వీలు లేని జంతువుకు ఎన్ని రంగులు వేసినా, ఎన్ని కుప్పిగంతులు నేర్పినా స్వభావం రాదు. ఆ కాదనడం ఎప్పుడు, ఎందుకు, ఎంతసేపు అన్నది తేల్చడమే ఇందులో అసలు పని.

స్వభావం అన్న మాటను గాల్లో వదిలేస్తే ఏమైనా అనొచ్చు. మన పశువుల సంతల్లో దానికి కచ్చితమైన భాష ఉంది. బెదురు గొడ్డు, పొగరుబోతు ఎద్దు, మొండి ఎద్దు, సాధువైన ఆవు, తన్నే ఆవు. వినడానికి ఇవి తిట్లూ పొగడ్తల్లా ఉన్నా నిజానికి కొలతలు. ఎంత చిన్న చప్పుడుకు పశువు పక్కకు దూకుతుందో చెప్పేది బెదురు. ఒకసారి నిలబడిపోయాక ఎంతసేపు కదలదో చెప్పేది మొండితనం. ఎదుటివాడు ఎంత దగ్గరికొస్తే కొమ్ము విసురుతుందో చెప్పేది పొగరు. కాడికి ఎడమవైపు అలవాటైన దాపటెద్దును తీసుకెళ్లి వలపట కడితే అదే ఎద్దు సణుగుతుంది, సాలు వంకర పోతుంది; అంటే పుట్టుకతో వచ్చినదానికి అలవాటు కూడా తోడైతేనే స్వభావం. ఇంకో మాట చూడండి, మచ్చిక. మచ్చిక చేసుకున్నానని మనిషి చెప్పుకోవచ్చు గాని, మచ్చికైందా లేదా అన్నది తేల్చేది పశువే. కంప్యూటరు ముందు కూర్చుని జంతువుకు ప్రవర్తన రాసే ఇంజనీరు ఈ మాటల పట్టికను గోడకు అంటించుకుంటే చాలనిపిస్తుంది. ప్రతి మాటా ఒక హద్దు గీస్తోంది: ఇంతవరకు ఓర్చుకుంటుంది, ఆ తర్వాత ఇలా చేస్తుంది అని.

ఇది పల్లెటూరి లెక్కేమీ కాదు, శాస్త్రమూ దాదాపు ఇలాగే కొలుస్తుంది. మన ఒంగోలు జాతి ఓడెక్కి బ్రెజిల్ చేరి, నెల్లూరు పేరు మీద అక్కడ నెలోర్ అయింది. విశాలమైన మేత భూముల్లో మనిషి చెయ్యి అరుదుగా తగిలే బతుకు దానిది. దాని స్వభావం తెలుసుకోవడానికి అక్కడి పరిశోధకులు వాడే పద్ధతుల్లో ఒకటి ముచ్చటగా ఉంటుంది. తూకానికో టీకాకో ఇరుకు బోనులో నిలబెట్టిన పశువును వదిలి, బయటి కొద్ది గజాలు అది ఎంత వేగంగా దాటిందో చూస్తారు. దూసుకుపోయిందంటే బెదురు, నిదానంగా నడిచిందంటే సాధువు. రష్యాలో నొవొసిబిర్‌స్క్ దగ్గర 1959లో బెల్యాయెవ్ మొదలుపెట్టిన నక్కల ప్రయోగంలోనూ ఎంపికకు ఒకటే ప్రమాణం, మనిషి చెయ్యి దగ్గరికి వస్తే నక్క ఏం చేస్తుందన్నది. దాన్నిబట్టి తరం తర్వాత తరం ఎంచుకుంటూ పోతే తోకాడించే నక్కలు పుట్టాయి. ఈ రెండింటిలోనూ స్వభావం బయటపడింది జంతువుకు వేరే దారి ఉన్న క్షణంలోనే. పారిపోగలదు గనుకే నిదానంగా నడవడానికి అర్థం ఉంది. కరవగలదు గనుకే కరవకపోవడం లెక్కలోకి వచ్చింది. ఆటలోని డేగకు ఆ క్షణమే లేదు.

ఆటలు తయారుచేసేవాళ్లు దీన్ని బొత్తిగా పట్టించుకోలేదని కాదు. 1996లో వచ్చిన క్రీచర్స్ ఆటలో స్టీవ్ గ్రాండ్ తన నోర్న్ అనే జీవులకు నరాల వల లాంటి మెదడు పెట్టి, ఆకలినీ భయాన్నీ రసాయనాల లెక్కగా రాశాడు. 2001లో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ ఇంకా ముందుకెళ్లింది. అందులో ఆటగాడు దేవుడు, అతని జంతువు ఏం చేసినా నిమరొచ్చు, చెంపదెబ్బ కొట్టొచ్చు, దాన్నిబట్టి అది నేర్చుకుంటుంది. చిక్కల్లా ఆ చెంపదెబ్బ దగ్గరే. జంతువు గొర్రెను తిని, చెట్టు పీకి, ఊరి వైపు చూసిన తర్వాత దెబ్బ పడితే, అది దేనికి పడినట్టు? ఈ ప్రశ్న ఇప్పుడు యంత్రాలకు నేర్పే విద్యలో పెద్ద శాఖ అయి కూర్చుంది గాని, తెలుగువాళ్లకు మాత్రం పాతదే. నన్నయ భారతం మొదటి ఆశ్వాసంలోనే సరమ అనే దేవశునకం జనమేజయుడి దగ్గరికి ఫిర్యాదుకు వస్తుంది. యాగం జరిగే చోటికి ఆడుకుంటూ పోయిన తన పిల్లను, ఏ తప్పూ చేయని దాన్ని, రాజు తమ్ముళ్లు కొట్టారని. అన్యాయంగా కొట్టినవాళ్లకు అనుకోని భయం వస్తుందని చెప్పి వెళ్లిపోతుంది. అంత పెద్ద గ్రంథం, రాజుల కథ, ఒక కుక్కపిల్లకు పడిన దెబ్బ దగ్గర ఆగడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. కారణం తెలియని శిక్ష జంతువుకు ఏ పాఠమూ చెప్పదు, కొట్టినవాడి గురించి మాత్రం చెబుతుంది. ఆటలోనూ ఇంతే. ఆటగాడి చర్యకూ జంతువు ప్రవర్తనకూ మధ్య కారణం కనబడకపోతే నేర్పడం అనేది ఉండదు, ఇద్దరి మధ్యా అయోమయమే మిగులుతుంది. అందుకే మాట వినకపోవడాన్ని పాచికలతో చేయించడం నాకు నచ్చదు. పదిసార్లలో ఒకసారి ఊరికే వినకుండా ఉంటే దాన్ని పాడైన స్విచ్చు అంటాం గాని స్వభావం అనం.

నా వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యం కూడా ఉంది, దాచడం దేనికి. వేలమంది కలిసి ఆడే ఆటల్లో 1997 నాటి అల్టిమా ఆన్‌లైన్‌లో మచ్చిక చేసుకున్న జంతువుకు విశ్వాసం లెక్క ఉండేది. మేత పెట్టకపోతే అది తగ్గి తగ్గి జంతువు మళ్లీ అడవిదైపోయేది. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో వేటగాడి జంతువుకు సంతోషం ఒక లెక్క, విశ్వాసం ఇంకో లెక్క. రెండూ అడుగంటితే అది వదిలిపెట్టి వెళ్లిపోయేది కూడా. తర్వాతి సంవత్సరాల్లో మొదట విశ్వాసాన్నీ, ఆ తర్వాత సంతోషాన్నీ ఆ ఆటలోంచి ఎత్తేశారు. అంటే ప్రజలకు స్వభావం అక్కర్లేదని తేలిపోయినట్టేనా? నాకలా అనిపించదు. ఆ ఆట పెట్టినదాన్ని స్వభావం అనడమే పొరపాటు. తోడేలుకూ ఎలుగుకూ తాబేలుకూ సంతోషం ఒకే తీరున కరిగేది, ఒకే తీరున తిండి పెడితే నిండేది. దాన్ని అలక అనలేం, అద్దె అనాలి. నెలనెలా కట్టాల్సిన అద్దె రద్దయితే ఎవరు బాధపడతారు? అదే ఆటలో బ్రోకెన్ టూత్ అనే ఒకే ఒక పిల్లి కోసం, అది మిగతావాటికంటే వేగంగా కొడుతుందని, జనం బీడు భూముల్లో గంటలకొద్దీ కాపు కాశారు. నిజమే, వాళ్లు కాపు కాసింది అంకె కోసం. అయినా ఆ అంకె ఒక పేరున్న ఒకే ప్రాణికి అంటుకుని ఉండటంతో దాని చుట్టూ కథలు పుట్టాయి. తర్వాత అన్ని జంతువుల వేగాన్నీ సమం చేసేశారు. న్యాయం కుదిరింది గాని, కాపు కాయాల్సిన పిల్లి లేకుండా పోయింది.

రైలు ఊళ్లో ఉండి ఇలా మాట్లాడటమేమిటని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. ఖరగ్‌పూర్ బతుకంతా చెప్పిన మాట వినే యంత్రాల మీద నడిచింది. 1072.5 మీటర్ల ప్లాట్‌ఫామ్ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరు తెచ్చుకున్న స్టేషన్ ఇది. దాని చుట్టూ అల్లుకున్న పట్టాల్లో ఒక పాయింటు ఇటు తిరిగి ఉండగా అటు సిగ్నల్ పడకుండా ఇంటర్‌లాకింగ్ కాపలా కాస్తుంది. సిగ్నల్‌కు స్వభావం ఉంటే జనం చస్తారు. ఐదుగురో పాతికమందో జట్టుగా ఆడే ఆటలోనూ చిన్నపాటి రూపంలో ఇదే బాధ: నీ ఎలుగుబంటికి కోపం వచ్చి కదలకపోతే ఓడిపోయేది నేను. ఈ అభ్యంతరానికి నేను సగం లొంగుతాను. నలుగురి గెలుపు వేలాడుతున్న చోట జంతువు మొండికేయకూడదు. కానీ పిలిస్తే వచ్చిందా లేదా అన్నదొక్కటే స్వభావం కాదు, ఎలా వచ్చిందన్నదీ స్వభావమే. బెదురు గుర్రం పోట్లాటలోకి వస్తుంది, వంపు తిరిగి గోడ వారగా వస్తుంది. పొగరుబోతు పిలవకముందే రెండడుగులు వేసి ఉంటుంది. పోట్లాట అయ్యాక ఒకటి యజమాని పక్కన కూలబడుతుంది, ఇంకోటి దూరంగా పోయి గాయం నాకుతుంది. ఇక నిజంగా కాదనడాన్ని వేరే చోట పెట్టుకోవచ్చు, దారిలో, ఏటి ఒడ్డున, కొత్త మనిషి ఎదురైనప్పుడు. అదీ చెప్పాపెట్టకుండా కాకూడదు. ఎద్దు పొడవబోయే ముందు తల వంచుతుంది, కాలు దువ్వుతుంది, బుస కొడుతుంది. చూడటం తెలిసినవాడు తప్పుకుంటాడు. ఆ చూడటాన్ని నేర్పడమే ఆటకు తగిన పని. 2016లో వచ్చిన ది లాస్ట్ గార్డియన్ ఆటలో త్రికో అనే పెద్ద జంతువు పిలిచిన వెంటనే రాదు. ఆలోచిస్తుంది, అటూ ఇటూ చూస్తుంది. కొందరు విసుక్కున్నారు, కొందరు దాన్నే మరచిపోలేకపోయారు. అది ఒక్కరే ఆడే ఆట గనుక ఆ ధైర్యం చెల్లింది. నలుగురి ఆటలోకి దాన్ని అలాగే ఎత్తి తెమ్మని నేనూ అనను.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే అభ్యంతరం ఇంకొకటి ఉంది. అలగగలిగే జంతువును తయారు చేశారంటే, ఆ అలక మీద వ్యాపారం చేసేవాడు గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. 1996 నాటి తమగోచి అనే జేబు బొమ్మ కోట్లలో అమ్ముడుపోయింది. చూసుకోకపోతే చచ్చిపోయే ఆ బొమ్మ కోసం పిల్లలు బడిలో కూడా బెంగపెట్టుకున్నారు. సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలో ఓజిమల్స్ కుందేళ్లను జనం డబ్బిచ్చి కొని పెంచారు. 2017లో ఆ కంపెనీ మూతపడితే, వాటి మేత కంపెనీ సర్వర్ మీద ఆధారపడింది గనుక చాలా కుందేళ్లు ఇక లేవని నిద్రలోకి జారిపోయాయి. పెంచినవాళ్ల తప్పేమీ లేదు, కుందేళ్ల తప్పు అసలే లేదు. జపాన్‌లో సోనీ ఐబో రోబో కుక్కల మరమ్మతులు ఆగిపోయాక బౌద్ధ ఆలయంలో వాటికి అంత్యక్రియలు జరిపారు. అంటే మనిషి మనసు ఇలాంటివాటికి ఎంత తేలిగ్గా చిక్కుతుందో తెలిసినవాడి చేతిలో అలక ఒక గాలం. దీనికి నేను చెప్పగలిగింది రెండు కట్టుబాట్లు. ఆటగాడు రాకపోవడం జంతువు దృష్టిలో నేరం కాకూడదు. ఎందుకంటే లేని మనిషి ఏ పనీ చేయలేదు, చేయని పనికి అలక పుట్టించడం సరమ పిల్లకు పడిన దెబ్బనే తిప్పి మనిషికి వేయడం. రెండోది, అలక తీర్చే మందు అంగట్లో అమ్మకూడదు. సత్యభామ అలక పారిజాతంతోనే కదా తీరిందని ముక్కు తిమ్మన చదివినవాళ్లు నన్ను పట్టుకోవచ్చు. తీరింది, ఒప్పుకుంటాను. కానీ కృష్ణుడు దాన్ని కొట్లో కొనలేదు. కాలితో తన్నించుకుని, ఇంద్రుడితో యుద్ధం చేసి, చెట్టుకు చెట్టు పెకలించి తెచ్చాడు. డబ్బిచ్చి కొన్న ఆట వజ్రాలు చెల్లించి రెండు సెకన్లలో ప్రసన్నం చేసుకునే ఏర్పాటే ఉంటే ఆ కావ్యం నాలుగు పద్యాలకు మించేది కాదు.

ఇదంతా ఉత్త కోడు, అలకేమిటి మాలిమేమిటి అని కొట్టిపారేసేవాళ్లకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. సంక్రాంతికి గంగిరెద్దు వాకిట్లోకి వచ్చి, అమ్మగారికి దండం పెట్టమంటే తల ఊపుతుంది. ఎద్దుకు ప్రశ్న అర్థం కాలేదని ముగ్గు వేసిన అమ్మాయికీ తెలుసు. ముకుతాడు కదలికో, సన్నాయి సైగో అందుకుని ఊపిందని తెలిసే బియ్యం పోస్తాం. ఎద్దూ మనిషీ ఏళ్ల తరబడి ఒకరినొకరు చదువుకున్న తీరే అక్కడ చూడదగ్గది. మోసం తల ఊపడంలో లేదు, ఎద్దు నీ జాతకం చెబుతుందని నమ్మించడంలో ఉంది. ఇప్పుడు మాటలు అల్లే కృత్రిమ మేధ వచ్చింది గనుక ఆటలో పిల్లులూ కుక్కలూ మనతో కబుర్లు చెప్పే రోజు దగ్గరలోనే ఉంది. నాకు భయం దాని గురించే. మాట వచ్చిన మరుక్షణం కుక్క పొగడటం మొదలుపెడుతుంది, పొగడ్త తర్వాత ఇవాళ్టి ఆఫర్ ఏమిటో కూడా అదే చెబుతుంది. తోక ఉన్న సేల్స్‌మన్‌ను ఎవరు పెంచుకుంటారు? జంతువు దగ్గర మనకు దొరికే గౌరవం అంతా అది మాట్లాడకపోవడంలోనే ఉంది. చెవి, తోక, అడుగు, దూరం, ఈ నాలుగే దాని భాష. అవి చాలు.

ఇందా వీధి కుక్క దగ్గరికే మళ్లీ వస్తాను, ఎందుకంటే ఆటల్లో దాని నమూనా నాకు ఎక్కడా కనబడలేదు. ఆటలో దొరికే జంతువు సాధారణంగా ఒకరి సొత్తు: కొన్నవాడిది, పట్టినవాడిది. మన కుక్క వీధిది. ఒక ఇంట్లో రొట్టె తింటుంది, ఇంకో ఇంటి అరుగు మీద పడుకుంటుంది, మూడో ఇంటి పిల్లాడి వెంట బడిదాకా వెళ్తుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా దాన్ని ఊరుమ్మడి జంతువుగానే చూస్తూ, మేత పెట్టే చోటు కాలనీవాళ్లు ఏర్పాటు చేయాలన్నాయి. దాన్ని అమాయకురాలిగా చిత్రించి కన్నీళ్లు పెట్టించే ఉద్దేశం నాకు లేదు. కాటూ నిజమే, రేబిసూ నిజమే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, ఆపరేషనూ టీకా అయ్యాక కుక్కను పట్టిన చోటే వదలాలనీ, రేబిస్ ఉన్నవాటినీ దూకుడుగా ప్రవర్తించేవాటినీ మాత్రం వదలొద్దనీ చెప్పింది. నవంబరు వచ్చేసరికి రైల్వే స్టేషన్లు, ఆస్పత్రులు, బడుల్లాంటి చోట్ల నుంచి తీసినవాటిని మళ్లీ అక్కడ వదలొద్దంది. దూకుడు అంటే ఏమిటో, ఏ కొలతతో తేలుస్తారో అన్న ప్రశ్న అక్కడికక్కడే లేస్తుంది. మొరిగితే చాలా, వెంటపడాలా? తిండి దగ్గర గుర్రుమన్నదాన్నీ, దారినపోయేవాడి పిక్క పట్టినదాన్నీ ఒకే బోనులో వేయాలా? సంత మాటల పట్టిక అవసరం ఆటల ఇంజనీరుకే కాదు, మునిసిపాలిటీ వ్యానుకూ వచ్చిపడింది.

అలాంటి ఊరుమ్మడి జంతువును ఒక ఆట ఊళ్లో వదిలితే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయని నా నమ్మకం. అది ఎవరి జట్టు గెలుపుకూ బాధ్యురాలు కాదు, కాబట్టి కాదనొచ్చు. ఒకరు రాకపోతే ఇంకొకరు పెడతారు, కాబట్టి ఆకలితో బెదిరించాల్సిన పని లేదు. వందమంది తనతో ఎలా మెలిగారో గుర్తుపెట్టుకుంటుంది, కాబట్టి ఒకరిని చూసి లేవడానికీ మరొకరిని చూసి తప్పుకోవడానికీ కారణం ఉంటుంది. ఆ కారణం చుట్టూ ఉన్నవాళ్ల కళ్లముందే జరిగి ఉంటుంది. దీన్ని కంపెనీలు ఎందుకు చేయవో ఊహించడం కష్టం కాదు. ఊరందరిదైన కుక్కను వజ్రాలకు అమ్మలేరు. ఎవరైనా మొండివాడు చేస్తే, నేను మొదట చూసేది ఒక్క సన్నివేశం. రైల్వే పరీక్షలకని ఆర్నెల్లు ఫోను పక్కన పెట్టిన కుర్రాడు ఒక సాయంత్రం మళ్లీ ఆట తెరుస్తాడు. పాత పద్ధతి ఆటలో జంతువు వదిలేసి వెళ్లిపోయి ఉండేది. కొత్త పద్ధతి దుకాణంలో గంతులేస్తూ ఎదురొచ్చి స్వాగత బహుమతి కొనమనేది. ఈ కుక్క రెండూ చేయకూడదు. పది గజాల దూరంలో ఆగి చెవులు నిక్కించాలి. గాలి వాలుకు పక్కగా నడిచి వాసన పట్టాలి. అతను తొందరపడి మీదికి వెళ్తే రెండడుగులు వెనక్కి వేయాలి, ఊరుకుని కూర్చుంటే ఒక అడుగు ముందుకు. పది నిమిషాలు పట్టినా పట్టనీ. చివరికి వచ్చి కాళ్ల దగ్గర కూలబడ్డాక కూడా, ఈ ఆర్నెల్లూ తనకు తిండి పెట్టిన మనిషి వీధి చివర కనబడితే తలెత్తి అటు ఒకసారి చూడాలి.